ఓడిన పార్టీకి నాయకుణ్ని ఎంచే పని నెత్తిన పడితే

చిరంజీవికి ఆశీస్సులు.

కొత్త నాయకుడి ఎన్నిక జరిపే కమిటీలో నిన్ను వేశారట. ఓడిన పార్టీలో ఎవరూ ముందుకొచ్చి తీసుకోని పని ఇది. ఎవరు గెలుస్తారన్నది నీ చేతిలో లేదు, ఉండకూడదు కూడా. గెలిచినవాళ్ళు నిలదొక్కుకుంటారా, ఏడాది తిరక్కుండా కూలతారా అన్నది మాత్రం నువ్వు రాసే నియమాల్లోనే సగం తేలిపోతుంది. బ్రిటన్ కన్జర్వేటివ్ పార్టీ లెక్కలు పక్కన పెట్టుకుని ఈ ఉత్తరం చదువు. మితవాద, అంటే కుడివైపు పార్టీల్లో ఇన్నిసార్లు ఓడి, ఇన్నిసార్లు నాయకుణ్ని మార్చి, ఏ రౌండులో ఎవరికెన్ని ఓట్లో కూడా బయటపెట్టిన పార్టీ దొరకడం కష్టం.

ముందు గడువు సంగతి. ఓడిన నాయకుడు మర్నాడే ఇంటికి వెళ్ళిపోతానంటాడు. వెళ్ళనివ్వకు. 1997 మే 1న కన్జర్వేటివ్‌లు ఓడితే జూన్ 19కల్లా వాళ్ళకు విలియం హేగ్ నాయకుడైపోయాడు. ఎందుకు ఓడామన్న మాట తెగనేలేదు. నాలుగేళ్ళు గడిచాక 165 సీట్లు 166 అయ్యాయి, అంతే. 2005లో మైకేల్ హోవర్డ్ దిగిపోతానని మర్నాడే చెప్పి కూడా డిసెంబరు దాకా కుర్చీలో ఉన్నాడు. ఆ మధ్యలో బ్లాక్‌పూల్ మహాసభ వచ్చింది. పోటీదారులంతా ఒకే వేదికెక్కారు. అప్పటిదాకా ముందున్న డేవిడ్ డేవిస్ ప్రసంగం తేలిపోయింది, కాగితం చూడకుండా మాట్లాడిన డేవిడ్ కామెరాన్ పైకొచ్చాడు. నా లెక్కలో నాలుగైదు నెలలు సరిపోతాయి. అంతకు మించి సాగదీస్తే ప్రభుత్వాన్ని నిలదీసే నాథుడుండడు. తాత్కాలికంగా ఉండేవాళ్ళు పోటీ చేయకూడదని, కొత్త విధానాలు ప్రకటించకూడదని రాతలో పెట్టు.

నామినేషన్లు తెరవకముందే పోయిన ఓట్ల పద్దు తయారవ్వాలి. నియోజకవర్గానికో వరస, వరసకు నాలుగు గడులు: మనకంటే కుడివైపున్న పార్టీకి పోయినవి, మధ్యేవాదులకు పోయినవి, గెలిచిన పార్టీకి పోయినవి, అసలు ఇల్లు కదలనివి. 2024లో కన్జర్వేటివ్‌లకు 121 సీట్లు మిగిలాయి. గెలిచిన లేబర్ పార్టీకి పోయినవి సరేసరి. కుడివైపు రిఫార్మ్ యూకేకి 14 శాతం ఓట్లు పడినా దక్కినవి 5 సీట్లే. మధ్యేవాదులైన లిబరల్ డెమోక్రాట్లు 12 శాతంతో 72 సీట్లు పట్టుకుపోయారు. ఈ చిల్లులన్నిటికీ ఒకే అతుకు పనికిరాదు. పద్దు లేకపోతే ప్రతి అభ్యర్థీ ‘మన సిద్ధాంతానికి తిరిగి వెళదాం’ అంటాడు, చప్పట్లు పడతాయి, ఎవరు ఏం చేస్తారో మాత్రం ఎవరికీ తెలియదు. పద్దు చేతికిచ్చి, ముందుగా ఏ పది సీట్లు ఎలా తెస్తావో రాసిమ్మను. కుడివైపు పార్టీతో విలీనమా, సీట్ల సర్దుబాటా, ముఖాముఖి పోరా అన్నదీ రాయించు. కెనడాలో 1993లో ప్రోగ్రెసివ్ కన్జర్వేటివ్‌లు 2 సీట్లకు పడిపోయాక, ఆ ప్రశ్న పదేళ్ళు నానింది. 2003లో విలీనం జరిగింది, 2006లో అధికారం వచ్చింది.

ఇక అసలు విషయం. బ్రిటన్‌లో 1998 నుంచీ ఉన్న పద్ధతి ఇది: ఎంపీలు రౌండు రౌండుకీ వడపోసి ఇద్దరిని మిగులుస్తారు, ఆ ఇద్దరిలో ఒకరిని పార్టీ సభ్యులు ఎన్నుకుంటారు. 2001లో ఎంపీల చివరి రౌండులో కెన్నెత్ క్లార్క్‌కు 59, ఇయాన్ డంకన్ స్మిత్‌కు 54, మైకేల్ పోర్టిల్లోకు 53. ఒక్క ఓటుతో పోర్టిల్లో బయటికి పోయాడు. తర్వాత సభ్యులు డంకన్ స్మిత్‌కు 60 శాతం పైగా ఓట్లేశారు. చూడటానికి ఘనవిజయమే. కానీ 166 మంది ఎంపీల్లో ఆయన్ను కోరుకున్నవాళ్ళు మూడోవంతు కూడా లేరు. 2003 అక్టోబరులో ఆ ఎంపీలే 90-75 తేడాతో దించేశారు. 2022లో లిజ్ ట్రస్ సంగతీ అంతే, అప్పుడు పార్టీ అధికారంలో ఉందనుకో: 357 మందిలో 113 మంది, సభ్యుల్లో 57 శాతం, పదవిలో 49 రోజులు. అదే కామెరాన్‌కు 198 మందిలో 90 మంది తోడున్నారు. పదేళ్ళకు పైగా నాయకుడిగా ఉన్నాడు. సభ్యులు కుర్చీ వేయగలరు గానీ రోజూ సభలో వెనక కూర్చుని మోయాల్సింది ఎంపీలే.

అందుకని రెండు కట్టుబాట్లు పెట్టు. నామినేషన్‌కు ఎంపీల్లో పదోవంతు సంతకాలు. బ్రిటన్‌లో 2024లో 121 మందిలో 10 సంతకాలన్నారు, ఆరుగురు బరిలోకి వచ్చారు. చర్చకు ఆ సంఖ్య బాగుంటుంది. 2022 అక్టోబరులో 100 సంతకాలన్నారు, చివరికి రిషి సునాక్ ఒక్కడే మిగిలాడు. పోటీయే లేకుండా పట్టం కడితే సభ్యులు అలుగుతారు. రెండో కట్టుబాటు ముఖ్యమైనది: ఇద్దరు మిగిలాక ఎంపీలు ఆ ఇద్దరి మధ్య ఇంకొక్కసారి ఓటెయ్యాలి, ఆ అంకె సభ్యులకు బ్యాలెట్ చేరకముందే ప్రకటించాలి. 2022 అక్టోబరు నియమాల్లో ఇది ఉంది, వాడే అవసరం రాలేదు.

రౌండుకో రోజు పెడితే ఎంపీలు లెక్కలు కడతారు. 2024 అక్టోబరు 8న 39 ఓట్లతో ముందున్న జేమ్స్ క్లెవర్లీ మర్నాటికి 37తో మూడోవాడై ఇంటిముఖం పట్టాడు. కెమీ బేడెనాక్‌కు 42, రాబర్ట్ జెన్రిక్‌కు 41. మనవాడు ఎలాగూ గట్టెక్కాడు, ఎదురు నిలిచేవాణ్ని కూడా మనమే ఎంచుకుందామని కొందరు అతితెలివికి పోయారన్నది అప్పట్లో అందరూ అన్నమాటే. దీనికి మందు ప్రాధాన్యతా ఓటు: ఒకే కాగితం మీద 1, 2, 3 అని రాయించి, అడుగునున్నవాళ్ళను తీసేస్తూ లెక్కపెట్టడం.

కెనడా కన్జర్వేటివ్‌లు సభ్యుల ఓటుకు కూడా ఇదే వాడతారు. పైగా నియోజకవర్గానికి 100 పాయింట్లు, అక్కడి ఓట్ల వాటాను బట్టి పంచుతారు. 2017లో 338 నియోజకవర్గాలకు 33,800. ఒకే ప్రాంతంలో వేలమందిని చేర్పించినా ఆ ప్రాంతం పాయింట్లు పెరగవు. దీనికో లోపముంది: పాతికమంది సభ్యులున్న చోటా అవే 100 పాయింట్లు. తర్వాత, వందకంటే తక్కువ ఓట్లు పడితే ఓటుకో పాయింటే అని సవరించుకున్నారు. నువ్వు మొదటే ఆ సవరణతో మొదలుపెట్టు. ఆ 2017 పోటీలో 12 రౌండ్లు ముందున్న మాక్సిమ్ బెర్నియే 13వ రౌండులో ఆండ్రూ షీర్ చేతిలో ఓడి, మరుసటి ఏడే వేరు కుంపటి పెట్టాడు. ఓడినవాళ్ళకిచ్చే బాధ్యతలు ఫలితం వచ్చిన వారంలోపే తేలాలని నేనంటున్నది అందుకే.

ఓటరు జాబితా సంగతి తొందరగా చెబుతాను. ఓటింగు ముగిసే నాటికి సభ్యత్వం 90 రోజులు నిండి ఉండాలి. రుసుము ఎవరి ఖాతా నుంచి వాళ్ళే కట్టాలి. ఏ ఎంపీలకు ఓటుందో తేదీతో సహా తేల్చు. ఆస్ట్రేలియాలో 2025 మేలో లిబరల్ పార్టీ నాయకత్వ పోటీలో సుసాన్ లీ 29-25తో గెలిచినప్పుడు, జూన్ 30తో పదవీకాలం ముగిసే సెనేటర్లూ ఓటేశారు. నాలుగు ఓట్ల తేడా ఉన్నచోట అలాంటిది గొంతులో ముల్లులా ఉండిపోతుంది. ఆన్‌లైన్ ఓటును తర్వాత మార్చుకునే వీలు మాత్రం ఇవ్వకు. 2022లో బ్రిటన్‌లో అలాగే అనుకుని, సైబర్ భద్రతా సంస్థ హెచ్చరించాక వదిలేశారు, బ్యాలెట్లు ఆలస్యమయ్యాయి.

పోటీలో ఇచ్చే మాటల జాబితా కమిటీ దగ్గర ఉంచు. యూరోపియన్ పార్లమెంటులో పెద్ద మితవాద కూటమిని వదిలేస్తానని కామెరాన్ 2005లో తన కుడిపక్షం ఓట్ల కోసం మాటిచ్చాడు. తీర్చుకోవడానికి 2009 దాకా పట్టింది. కెనడాలో ఎరిన్ ఓటూల్ 2020లో అసలుసిసలు కన్జర్వేటివ్‌నని చెప్పి గెలిచి, సాధారణ ఎన్నికల్లో మధ్యకు జరిగాడు. ఆ ఎన్నిక కూడా పోయింది, 2022 ఫిబ్రవరిలో సొంత ఎంపీలే 73-45తో తీసేశారు.

చివరగా, దించే నియమం. నాయకుడి మీద అవిశ్వాస ఓటు పెట్టడానికి ఎంపీల్లో 15 శాతం మంది లేఖలు చాలన్నది పాత బ్రిటిష్ పద్ధతి. 121 మందికి 19 లేఖలు. ఓడిన అభ్యర్థి వర్గంలో సగం కదిలితే సరి. బేడెనాక్ గెలిచాక దాన్ని మూడోవంతుకు పెంచారు. నువ్వు ఆ పెంపు గెలిచాక చేయకు, నాయకుడు తన కుర్చీకి తానే మేకులు కొట్టుకున్నట్టుంటుంది. పోటీదారుల పేర్లు రాకముందే అన్ని నియమాలూ ఒకేసారి ఆమోదింపజేయి. సభ్యుల చేతిలో ఓటు పెట్టాక వెనక్కి తీసుకోవడం కూడా కుదరదు. 2005లో హోవర్డ్ ప్రయత్నిస్తే మూడింట రెండు వంతుల మద్దతు దొరక్క వీగిపోయింది.

ముసాయిదా రాశాక ఒక ప్రతి పంపు, లెక్కలు సరిచూసి తిప్పి పంపుతాను.

ఆశీస్సులతో,
మీ బాబాయి