బతుకమ్మకు టికెట్ పెట్టాలా?

ప్రశ్న: మా పాప కూకట్‌పల్లిలో ఒక ప్రైవేటు స్కూల్లో 4వ తరగతి. పేరెంట్స్ కమిటీలో నేనూ ఉన్నాను. లైబ్రరీ కోసం 50 వేలు పోగు చేయాలని పిల్లలకు తలా ఒక కూపన్ల పుస్తకం ఇచ్చాం. ఇప్పుడు బతుకమ్మ సంబరానికీ టికెట్ పెడదామంటున్నారు. కిందటిసారి టికెట్ పెడితే చాలా ఇళ్ల నుంచి ఎవరూ రాలేదు. డబ్బూ కావాలి, అందరూ కలవాలి. ఎలాగండీ?
– ఒక తల్లి, కూకట్‌పల్లి

జవాబు: టికెట్ వద్దమ్మా. ముందు అది ఆపించండి. వచ్చేవాళ్లు ఇన్ని తంగేడు పూలో, గునుగు పూలో, దోసెడు బంతిపూలో తెస్తే చాలు. గునుగు కాడలు సమంగా కత్తిరించి, రంగునీళ్లలో ముంచి, తాంబాళంలో వరుసగా పేర్చే పని నాన్నలకూ అప్పజెప్పండి. ముఖపరిచయం లేనివాళ్లు కూడా అక్కడే మాటల్లో పడతారు. సత్తుపిండి, మలీద అందరికీ పంచండి, వాటికి ధర కట్టొద్దు.

ఇక కూపన్లు. నేను టీచరుగా ఉన్న రోజుల్లో చూశాను, అమ్ముడుపోనివన్నీ చివరికి కన్నవాళ్లే కొనుక్కుంటారు. కొనలేని ఇంటి పిల్ల ఆ పుస్తకాన్ని బ్యాగు అడుగున దాచేస్తుంది. క్లాసులో అడిగిన రోజు తల దించుకుంటుంది. దయచేసి వాటిని వెనక్కి తీసుకోండి. వాట్సాప్ గ్రూపులో డబ్బిచ్చినవాళ్ల పేర్ల పక్కన టిక్కులు పెడుతుంటే అదీ మానేయండి. ఇవ్వనివాళ్లు ఎవరో ఊరంతా చాటినట్టే కదా!

డబ్బు అడగొద్దని కాదు. మన హైదరాబాద్ ఎగ్జిబిషన్, అదే నుమాయిష్‌నే చూడండి. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలైంది, తర్వాత నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌కి మారింది. ఏటా మామూలుగా జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 వరకు ఇంటిల్లిపాదీ షాపింగ్‌కి, జెయింట్ వీల్ ఎక్కడానికి వెళ్తాం. ఆ రాబడి ఎగ్జిబిషన్ సొసైటీ విద్యాసంస్థలకు పనికొస్తుంది. చందా ఇచ్చామన్న ధ్యాసే మనకుండదు. మీరూ సంక్రాంతి సెలవులయ్యాక బడి ఆవరణలో ఒక చిన్న మేళా పెట్టండి. లోపలికి ఉచితం. అమ్మమ్మలు, నానమ్మలు చేసే సర్వపిండి, పిల్లలు నడిపే ఆటల స్టాళ్లు ఉంటే ఇష్టమైనవాళ్లు కొంటారు. ఏడాది మొత్తానికి డబ్బు పోగుచేసేది ఆ ఒక్కరోజే అని ముందే చెప్పేయండి. అందరికీ టెన్షన్ తగ్గుతుంది.

అసలు లైబ్రరీకి 50 వేలు అవుతుందా? ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాలు పరుస్తారు. పిల్లలతో, వీలైన పెద్దవాళ్లతో కలిసి ఒక పొద్దున అక్కడికి వెళ్లండి. తాము ఏరుకుని, బేరమాడి తెచ్చిన పుస్తకాన్ని పిల్లలు చదవకుండా వదలరు. ఇక బీరువాలకు, కొత్త తెలుగు పుస్తకాలకు ఎంతవుతుందో లెక్కేయండి. మేళాలో రాబట్టాల్సింది అంతే. అయిన వారంలోగా జమాఖర్చులు నోటీసు బోర్డులో పెట్టండి, పేర్లు లేకుండా.

కమిటీలో టికెట్ కోసం ఇంకా పట్టుబట్టేవాళ్లుంటే, కిందటిసారి రాని ఇళ్లకు వాళ్లచేతే ఫోన్ చేయించండి. ఎందుకు రాలేదో నేరుగా వింటే మీరు వాదించే పని ఉండదు.