కత్తిరించిన కార్డు, పగలగొట్టకూడని డబ్బా

ప్రశ్న: మేం న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటాం. ఇక్కడికొచ్చాక నాకు బేస్‌బాల్ పిచ్చి పట్టుకుంది. మూడేళ్ల రెండు నెలల క్రితం, మా రాష్ట్రంలోనే షాపున్న ఒక డీలర్ దగ్గర 1955 నాటి టాప్స్ కంపెనీ కార్డు, బేస్‌బాల్ ఆటగాడు రాబర్టో క్లెమెంటే బొమ్మున్న రూకీ కార్డు (ఆటగాడి మొట్టమొదటి కార్డు), పదకొండు వేల డాలర్లకు కొన్నాను. గ్రేడింగ్ కంపెనీ (కార్డు అసలుదేనా, ఎంత బాగుందో చూసి పదికి ఇంతని గ్రేడ్ ఇచ్చేది) సీల్ చేసిన ప్లాస్టిక్ డబ్బాలో ఉంది, గ్రేడ్ 7. పోయిన నెల ఒక ఫ్రెండ్ పాత వేలం ఫొటో చూపించాడు. అదే కార్డు, అప్పట్లో గ్రేడ్ 4, అంచు ఇప్పటికంటే వెడల్పుగా ఉంది. ఎవరో అరిగిన అంచులు కొత్తగా కనిపించేలా కత్తిరించి మళ్లీ గ్రేడింగ్‌కు పంపినట్టున్నారు. డీలర్‌ను అడిగితే "గ్రేడ్ ఇచ్చింది నేను కాదు, వాళ్లనే అడగండి" అంటున్నాడు. డబ్బా పగలగొట్టి కార్డు కొలిపిద్దామనుకుంటున్నాను. నా డబ్బు వెనక్కి వస్తుందా? ఇన్‌వాయిస్ ఫొటో జత చేశాను.

జవాబు: ముందుగా ఒక మాట. ఆ డబ్బా మీద చెయ్యి వేయకండి.

మీ కేసులో సగం బలం ఆ ప్లాస్టిక్‌లోనే ఉంది. సీల్ తీసిన మరుక్షణం "మీరే కార్డు మార్చేశారు" అనే అవకాశం డీలర్‌కు దొరుకుతుంది. గ్రేడింగ్ కంపెనీ ఇచ్చే గ్యారంటీ కూడా సీల్ చెక్కుచెదరకుండా ఉన్న కార్డుకే. పైగా సరుకు తిరిగిచ్చి సొమ్ము అడగాలంటే, దాని స్థితి మీ వల్ల మారి ఉండకూడదని అమెరికాలో సరుకుల అమ్మకాలను నడిపే చట్టం, యూనిఫాం కమర్షియల్ కోడ్, సెక్షన్ 2-608లో అంటుంది. ఇంతా చేసి కొలిచినా తేలేది తక్కువే. 1955 టాప్స్ కార్డు సైజు 2⅝ × 3¾ అంగుళాలు. ఆ రోజుల్లో ఫ్యాక్టరీలో కోసేటప్పుడే వెంట్రుకవాసి తేడాలొచ్చేవి. స్కేలు కంటే మీ ఫ్రెండ్ చూపించిన ఫొటోయే గట్టి సాక్ష్యం. అచ్చులో పడిన చుక్కలు, అట్టలో పీచు గుర్తులు ఏ కార్డుకా కార్డుకు వేరు, మన వేలిముద్రల్లాగే. రెండు ఫొటోల్లో అవి సరిపోయి, అంచు మాత్రం తగ్గిందంటే ఇక చెప్పేదేముంటుంది? ఆ వేలం పేజీని తేదీ కనిపించేలా ఇవాళే సేవ్ చేసుకోండి, అలాంటి పేజీలు మాయమవడానికి ఎంతో సేపు పట్టదు.

ఇక డీలర్ మాట. "గ్రేడ్ నాది కాదు" అన్నది సగమే నిజం. గ్రేడ్ 7 అన్నది మూడో మనిషి అభిప్రాయమని అతను వాదించవచ్చు, వట్టి అభిప్రాయం వారంటీ కాదని చట్టంలోనే ఉంది. కానీ మీరు పంపిన ఇన్‌వాయిస్‌లో "ఒరిజినల్, ఎలాంటి మార్పులూ లేవు" అని అతనే రాశాడు. అది అభిప్రాయం కాదు, సరుకు వర్ణన. అదే కోడ్ సెక్షన్ 2-313 ప్రకారం అది ఎక్స్‌ప్రెస్ వారంటీ, అంటే అమ్మినవాడు స్పష్టంగా ఇచ్చిన హామీ. అతనికి కత్తిరింపు సంగతి తెలుసా, తెలియదా అన్నది ఇక్కడ అనవసరం. నిజాయితీగా నమ్మి అమ్మినా సరే, మాట తప్పినట్టే. నేనైతే కేసంతా ఆ ఒక్క లైను మీదే నిలబెడతాను.

అతను వ్యాపారి కాబట్టి న్యూజెర్సీ కన్స్యూమర్ ఫ్రాడ్ చట్టం కూడా పనికొస్తుంది. నోటితోనో రాతతోనో అబద్ధం చెప్పి అమ్మితే, కావాలని చెప్పాడని నిరూపించక్కర్లేదు. తెలిసీ దాచాడని అంటే మాత్రం, అతనికి తెలుసని మీరే చూపించాలి. గెలిస్తే నష్టానికి మూడు రెట్లు, లాయర్ ఫీజు అదనం. మీరు ఏ ఇంట్లోనో గరాజ్ సేల్‌లో కొని ఉంటే ఈ దారి ఉండేది కాదు.

ఎంత వస్తుందన్నది మీరు దేన్ని అడుగుతారన్న దాన్నిబట్టి ఉంటుంది. కార్డు ఉంచుకుని నష్టం అడిగితే, కొన్న రోజున గ్రేడ్ 7 కార్డు విలువకూ కత్తిరించిన కార్డు విలువకూ ఉన్న తేడా ఇస్తారు, ఇవాళ్టి ధరతో పని లేదు. కార్డు తిరిగిచ్చేస్తే కట్టిన పదకొండు వేలు అడగొచ్చు. 2020, 2021లలో ఈ కార్డుల ధరలు ఆకాశానికెక్కి తర్వాత దిగాయి. మీరు ఎక్కువ ధరలో కొన్నారనిపిస్తే రెండోదే మేలు. కోర్టు విషయానికొస్తే, న్యూజెర్సీలో చిన్న దావాల విభాగం స్మాల్ క్లెయిమ్స్ పరిమితి 5,000 డాలర్లు, దానిపై విభాగం స్పెషల్ సివిల్ పార్ట్‌ది 20,000. మూడు రెట్లు అడిగితే అదీ దాటుతుంది, అప్పుడు పెద్ద దావాలు వినే లా డివిజన్‌కు వెళ్లాలి, లేదా పైమొత్తం వదులుకోవాలి.

గ్రేడింగ్ కంపెనీకి కూడా రాయండి, కానీ డీలర్‌కు నోటీసు వెళ్లాకే. వాళ్లు పరిశీలనకు డబ్బా తెరవొచ్చు. అందుకే పంపే ముందు అన్ని వైపులా ఫొటోలు తీసి, పంపుతున్నట్టు డీలర్‌కు రాతలో చెప్పండి. అక్కడ కొంత డబ్బు వస్తే, అదే నష్టాన్ని డీలర్ దగ్గర మళ్లీ వసూలు చేయడం కుదరదు.

మీరు అడగలేదు కానీ, ఇలాంటి చిక్కులో చాలామందికి వచ్చే ఆలోచన ఒకటుంది: గుట్టుగా ఇంకొకరికి అమ్మేస్తే? వద్దు. ఈ సరదాలో అందరికంటే పేరున్న కార్డు, 1909-11 నాటి టీ206 సిరీస్‌లోని బేస్‌బాల్ ఆటగాడు హోనస్ వాగ్నర్ కార్డు, కథ వినండి. 1991లో హాకీ ఆటగాడు వేన్ గ్రెట్జ్‌కీ, అతని టీమ్ యజమాని బ్రూస్ మెక్‌నాల్ కలిసి దాన్ని 4,51,000 డాలర్లకు కొన్నారు. పీఎస్ఏ అనే గ్రేడింగ్ కంపెనీ దానికి గ్రేడ్ 8 ఇచ్చింది. అంతకుముందు దాన్ని అమ్మిన, తర్వాత వేలం సంస్థ నడిపిన బిల్ మాస్ట్రో, దాని పక్క అంచులు తానే కత్తిరించానని 2013లో కోర్టులో ఒప్పుకున్నాడు. తన వేలాల్లో చేసిన మోసాలకుగాను 2015లో 20 నెలల జైలు పడింది. మీకు కత్తిరింపు సంగతి తెలిసిపోయింది. తెలిసి దాచి అమ్మితే, రేపు డీలర్ స్థానంలో మీరుంటారు, అదీ "నాకు తెలియదు" అనే వీలు లేకుండా.

అన్నిటికంటే తొందర పెట్టాల్సింది గడువు. వారంటీ దావా కార్డు మీ చేతికొచ్చిన రోజు నుంచి నాలుగేళ్లలోపు వేయాలి. లోపం నిన్ననే తెలిసినా గడువు పెరగదు. అంటే మీకు పది నెలలుంది. మోసం దావాలకు ఆరేళ్లు. అయితే లోపం తెలిశాక సరైన సమయంలో అమ్మినవాడికి చెప్పకపోతే వారంటీ హక్కే పోతుంది, కాబట్టి సర్టిఫైడ్ మెయిల్‌లో ఈ వారమే నోటీసు పంపండి. ఫోన్‌లో అడిగాను కదా అంటే, రేపు అతను కాదంటే రుజువేదీ? నోటీసులో కోపం వద్దు, తేదీ, ధర, డబ్బా మీది సర్టిఫికేషన్ నంబరు, రెండు ఫొటోలు, మీరు కోరేది చాలు.

ఇంకోటి. నాలుగేళ్ల గడువును అమ్మకం ఒప్పందంలోనే ఏడాది దాకా తగ్గించుకునే వీలు యూనిఫాం కమర్షియల్ కోడే ఇచ్చింది. అలాంటి షరతులు ఎక్కువగా ఇన్‌వాయిస్ వెనక చిన్న అక్షరాల్లో ఉంటాయి. మీరు నాకు పంపింది ముందువైపు ఫొటో ఒక్కటే.