గాజువాక వాళ్ళందరూ ఎందుకొచ్చేశారు?

ప్రశ్న: సార్, నేను వైజాగ్‌లో ఒక కేబుల్ ఆఫీసులో లెక్కలు చూస్తాను, ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌లోంచి కావాల్సిన వివరాలు రప్పించే భాష) ఈమధ్యే నేర్చుకుంటున్నా. గాజువాక, మద్దిలపాలెంలో బాకీ ఉన్నవాళ్ళ లిస్టు కోసం వేర్ ఏరియా = 'గాజువాక' ఆర్ ఏరియా = 'మద్దిలపాలెం' యాండ్ బాకీ > 0 అని రాశాను. మద్దిలపాలెం వాళ్ళు సరిగ్గానే వచ్చారు గానీ గాజువాకలో మొత్తం కట్టేసినవాళ్ళు కూడా వచ్చేశారు, వసూలుకెళ్ళిన కుర్రాడు రెండు ఇళ్ళల్లో తిట్లు తిని వచ్చాడు. ఇంకోటి, ఫోన్ నంబర్ లేనివాళ్ళ కోసం ఫోన్ = నల్ అని పెడితే ఒక్కరూ రావట్లేదు, టేబుల్‌లో చూస్తే ఖాళీలు కనిపిస్తూనే ఉన్నాయి.
- పాఠకురాలు, గాజువాక

జవాబు: మీ డేటాలో తప్పేం లేదమ్మా, బ్రాకెట్లు లేకపోవడమే తప్పు. 2 + 3 × 4 అంటే 20 కాదు 14 కదా, ముందు గుణకారం చేస్తాం, ఎస్‌క్యూఎల్‌లో యాండ్‌కి ఆర్ కంటే ముందు వంతు వస్తుంది, అలా బాకీ షరతు కాస్తా పక్కనున్న మద్దిలపాలేనికే అతుక్కుపోయింది, గాజువాకకి ఏ షరతూ మిగల్లేదు. వేర్ (ఏరియా = 'గాజువాక' ఆర్ ఏరియా = 'మద్దిలపాలెం') యాండ్ బాకీ > 0 అని రాయండి. నన్నడిగితే ఏరియా ఇన్ ('గాజువాక', 'మద్దిలపాలెం') యాండ్ బాకీ > 0 ఇంకా మేలు, రేపు పెందుర్తి కలపాలన్నా ఒక కామా పెట్టి చేర్చేయడమే.

నల్ సంగతి కొంచెం నిదానంగా చదవండి, ఏళ్ళ తరబడి పనిచేసినవాళ్ళు కూడా ఇక్కడే దెబ్బతింటారు. నల్ అంటే సున్నా కాదు, ఖాళీ కాదు, "తెలీదు" అని. తెలీనిదాన్ని దేంతో పోల్చినా జవాబు కూడా తెలీదనే వస్తుంది, వేర్ ఏమో ఖాయంగా నిజం అని తేలిన వరుసల్నే ఉంచుతుంది, అందుకే మీకు ఒక్కరూ రాలేదు. ఫోన్ ఇజ్ నల్ అని రాయండి. అప్పటికీ కొందరు తప్పిపోతే ఆ గడిలో నల్ బదులు '' అని ఉత్త కోట్స్, అంటే లోపల ఒక్క అక్షరమూ లేని ఖాళీ మాట ఎక్కి ఉంటుంది, ఒరాకిల్ డేటాబేస్‌లో అయితే రెండూ ఒకటేగానీ మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్‌లలో వేరు, కాబట్టి ఆర్ ఫోన్ = '' కూడా కలపండి, ఆ రెండు ఫోన్ షరతుల చుట్టూ కలిపి బ్రాకెట్లు మాత్రం మర్చిపోకండి. ఏరియా <> 'గాజువాక' అన్నప్పుడూ ఇదే తంతు, ఏరియా నల్‌గా ఉన్న కస్టమర్లు చడీచప్పుడు లేకుండా లిస్టులోంచి జారిపోతారు.

ఆ కుర్రాడి చేతికి లిస్టు ఇచ్చేముందు మీకు బాగా తెలిసిన ముగ్గురిని వెతికి చూడండి, గాజువాకలో పూర్తిగా కట్టేసినవాళ్ళు ఒకరు, బాకీ ఉన్నవాళ్ళు ఒకరు, ఫోన్ ఇవ్వనివాళ్ళు ఒకరు. అదే వేర్‌ని డేటా మార్చే అప్‌డేట్‌లోగానీ తీసేసే డిలీట్‌లోగానీ పెట్టాల్సొస్తే ముందు ఊరికే చూపించే సెలెక్ట్‌తో నడిపి ఎన్ని వరుసలొచ్చాయో లెక్క చూసుకున్నాకే ఎంటర్ నొక్కండి.