వస్తున్నావుగా, ఈ నాలుగు ముక్కలు చదువుకుని రా

చిరంజీవి చిన్నోడికి పెద్దమ్మ ఆశీస్సులు.

టికెట్ తీసేసుకున్నావని నిన్న మీ అమ్మ ఫోన్లో ఏడుస్తూ చెప్పింది. వద్దనడానికి నేనెవర్ని? ముప్పై ఏళ్ళుగా ఈ ఉక్రెయిన్‌లోనే పడి ఉన్నదాన్ని. ఆగిపోయిన చదువు పూర్తి చేసుకోవాలన్న నీ పట్టుదల నాకు అర్థమవుతుంది. కానీ 2022లో రష్యా దాడి చేసినప్పుడు నువ్వు బ్యాగు భుజాన వేసుకుని పోలండ్ సరిహద్దు దాకా నడుచుకుంటూ వెళ్ళిపోయిన ల్వీవ్ కాదురా ఇది. ఊరు అలాగే ఉంది, ట్రాములు తిరుగుతున్నాయి, కాఫీ వాసన కూడా అదే. మనుషులే మారారు. వాళ్ళ మధ్య ఎలా మసలుకోవాలో ముందే చెబుతున్నా.

సైరన్ల సంగతి వారం రోజుల్లో అదే అలవాటవుతుంది. ఫోన్లో ఎలర్ట్ యాప్ పెట్టుకో. ఎక్కడో రష్యాలో మిగ్-31 యుద్ధ విమానం గాల్లోకి లేస్తే చాలు, దేశం మొత్తం సైరన్ మోగుతుంది. షెల్టర్‌కి వెళ్ళే టైమ్ లేకపోతే రెండు గోడల లెక్క గుర్తుంచుకో. నీకూ వీధికీ మధ్య రెండు గోడలుండాలి, దగ్గర్లో కిటికీ ఉండకూడదు. మా ఇంట్లో అది బాత్రూమ్ పక్కనున్న నడవా. అక్కడే చాప వేసి ఉంచాను. రాత్రి పన్నెండు నుంచి తెల్లవారి ఐదు దాకా కర్ఫ్యూ. డ్రోన్ కూలుతున్న దృశ్యమో, సైనికుల బండ్లు వెళ్తున్న వీడియోనో ఇన్‌స్టాలో పెట్టావంటే కేసు పెడతారు, ఆ సరదా మనసులోకి కూడా రానివ్వకు.

నేను అసలు చెప్పదలుచుకున్నది ఆగడం గురించి.

పొద్దున సరిగ్గా తొమ్మిదింటికి దేశమంతా ఒక్క నిమిషం మౌనం పాటిస్తుంది. 2022 మార్చి నుంచి రోజూ ఇంతే. నడుస్తుంటే ఆగు. చెవుల్లోంచి ఇయర్‌ఫోన్స్ తీసెయ్. సూపర్ మార్కెట్‌లో చేతిలో పాల ప్యాకెట్ ఉంటే ఉండనీ, అలాగే నిలబడు.

అంతకన్నా ముఖ్యమైనది శవయాత్ర. మన వీధిలో శవం వెళ్తుంటే తలుపులు వేసుకుని, పిల్లల్ని లోపలికి పిలుచుకుంటాం కదా. ఇక్కడ తలుపులు తీసుకుని బయటికొస్తారు. పాతబస్తీలో సైనికుల చర్చి ఉంది, సెయింట్ పీటర్, పాల్ పేరు మీద. అక్కడ ప్రార్థనలయ్యాక శవపేటికలు రినోక్ కూడలి మీదుగా లిచాకివ్ స్మశానం వైపు కదులుతాయి. కూడలిలో బాకా ఊదుతారు. కేఫ్‌లలో కూర్చున్నవాళ్ళు లేస్తారు, బండ్లు ఆగుతాయి, రోడ్డు వారన జనం మోకాళ్ళ మీద కూర్చుంటారు. ఒక్కో రోజు ఒక పేటిక, ఒక్కో రోజు మూడు.

ఆ మొదటి ఏడు ఒక తప్పు చేశాను, నీకు చెప్పుకోవడానికి సిగ్గేం లేదు. క్లినిక్‌కి ఆలస్యమవుతోందని తల వంచుకుని గబగబా రోడ్డు దాటబోయాను. ఎవరో కోటు చెయ్యి పట్టి వెనక్కి లాగారు. చూస్తే ఒక ముసలాయన. ఏమీ అనలేదు, వదలనూ లేదు. ఆయన ఒక చేత్తో నన్ను పట్టుకునే, రెండో చెయ్యి గోడకు ఆనించి మెల్లగా మోకాళ్ళ మీదకు దిగాడు. నేనూ ఆ కరిగిన మంచు బురదలో కూలబడ్డాను. బండి అద్దంలోంచి ఒక ఫోటో కనబడింది, నీ వయసు కుర్రాడు, నవ్వుతున్నాడు. ఆ రోజు పేషెంట్లు ఇరవై నిమిషాలు ఎక్కువ కాచుకున్నారు. ఒక్కరూ ఎందుకని అడగలేదు.

పూలు తీసుకెళ్ళాల్సి వస్తే లెక్క చూసుకో. బతికున్నవాళ్ళకి బేసి సంఖ్య, పోయినవాళ్ళకి సరి సంఖ్య. మన నూటపదహార్ల లెక్క ఇక్కడ చెల్లదు నాయనా! పూలమ్మే ఆవిడ నిన్ను చూసి ‘ఎవరికి?’ అని మెల్లగా అడుగుతుంది. సమాధానం చెబితే చాలు, లెక్క ఆవిడే సరిచేస్తుంది.

నువ్వు సెమిస్టర్ మొదలవడానికి కొన్ని రోజుల ముందే దిగుతున్నావు కాబట్టి ఆగస్టు 29 ఇక్కడే ఉంటావు. అది అమరుల దినం. 2014లో తూర్పున ఇలొవైస్క్ ఊరి దగ్గర చుట్టుముట్టబడి వెనక్కి వస్తున్న ఉక్రెయిన్ సైనికులు పొద్దుతిరుగుడు చేలలో కాల్పులకు బలయ్యారు. అందుకే ఆ రోజు పొద్దుతిరుగుడు పువ్వు గుర్తు పెట్టుకుంటారు. ఈ యుద్ధం 2022లో మొదలైందని మాత్రం ఎవరి దగ్గరా అనకు. వీళ్ళ లెక్క 2014 నుంచి.

ఆ సాయంత్రం నిన్ను మార్స్ మైదానానికి తీసుకెళ్తాను. లిచాకివ్ పక్కనే. పాత స్మశానంలో చోటు చాలక ఇక్కడ పాతిపెట్టడం మొదలుపెట్టారు. ప్రతి సమాధి మీదా జెండా, ఫోటో. గాలి వీస్తే వందల జెండాలు ఒక్కసారిగా పటపటలాడతాయి. ఒక తల్లి ఫ్లాస్కులోంచి రెండు కప్పుల్లో కాఫీ పోసి ఒకటి కొడుకు ముందు పెట్టడం చూశాను. మన తద్దినంలో విస్తరి వడ్డించినట్టే అనిపించింది. అక్కడ ఫోన్ బయటికి తియ్యకు.

ఇక మన వాళ్ళకున్న జబ్బు, ప్రశ్నలు. రైల్లో పక్కనున్నవాడి జీతం, పెళ్ళి, కులం దాకా లాగేస్తాం. ఇక్కడ ‘మీవాడు ఏ ఫ్రంట్‌లో ఉన్నాడు’ అని అడగకూడదు. వీధిలో కనబడ్డ కుర్రాణ్ణి ‘నువ్వెందుకు వెళ్ళలేదు’ అనకూడదు. కాలు పోగొట్టుకుని వచ్చిన సైనికుడు ట్రాములో ఎక్కితే జాలిగా నాలుక చప్పరించకు, కృత్రిమ కాలు వంక చూడకు, ఎలా పోయిందని అడగకు. చెయ్యి గుండె మీద పెట్టి తల వంచి ‘ద్యాకుయు’ అను, అంతే. ఉక్రెయిన్ భాషలో థాంక్స్ అని. రష్యన్‌లో చెప్పినట్టు స్పసీబా అనకు. యూట్యూబ్‌లో రష్యన్ నేర్చుకున్నానని మురిసిపోయావే, ఆ ముచ్చట కొన్నాళ్ళు పక్కన పెట్టు. మన దేశం నుంచి కుర్రాళ్ళని ఉద్యోగమని నమ్మించి రష్యా సైన్యంలోకి లాగిన సంగతి ఇక్కడ అందరికీ తెలుసు. నిన్నూ అడుగుతారు. వాదించకు, తెలిసింది చెప్పు.

కేఫ్‌లు నిండి ఉండటం, పెళ్ళిళ్ళు జరగడం, ఆడపిల్లలు లిప్‌స్టిక్ వేసుకుని ఆఫీసులకు వెళ్ళడం చూసి ‘వీళ్ళకి యుద్ధం పట్టనట్టుందే’ అనుకుంటావేమో. నేనూ మొదట అనుకున్నాను. కరెంటు కోతలప్పుడు కాఫీ కొట్టు ముందు జనరేటర్ గడగడమంటుంటుంది, కౌంటర్ మీద ఏ దళానికో డ్రోన్ కొనడానికి చందాల క్యూఆర్ కోడ్ అంటించి ఉంటుంది, ఆ కాఫీ కలిపే పిల్ల అన్న బఖ్ముత్ ఊరి దగ్గర యుద్ధం నుంచి తిరిగి రాలేదు. ఇప్పుడు నేను రోజూ అక్కడే తాగుతున్నాను. చిల్లర డబ్బాలో వేసేస్తాను.

నీ చేతులకీ పని ఉంది. ఆదివారాలు మా లైబ్రరీలో సైనికులు శత్రువు కంటపడకుండా కప్పుకునే వలలు అల్లుతాం, కందకాల్లో ఉండేవాళ్ళకి కొవ్వొత్తులు చేస్తాం. ఖాళీ డబ్బాలో అట్టపెట్టె ముక్కను చుట్టగా చుట్టి పెట్టి, కరిగించిన మైనం పోయడమే. చలికి చేతులు కాచుకోవడానికి, ఒక గిన్నెడు నీళ్ళు వేడి చేసుకోవడానికి పనికొస్తుంది. అట్ట కాస్త పైకి తేలేలా ఉంచాలి, లేకపోతే అంటుకోదు. నా మొదటి పది పారేశారు.

పవర్ బ్యాంకులు రెండు, తలకు కట్టుకునే లైటు, ఉన్ని సాక్సులు తెచ్చుకో. గోంగూర పచ్చడి రెండు సీసాలు కూడా. ఒకటి పక్కింటి బామ్మకి. ఆవిడ మనవడు సెలవు మీద వచ్చినప్పుడు మన కారం రుచి మరిగాడు, ఈసారి తనతో పట్టుకెళ్తానన్నాడట. విమానాలు లేవు కదా, పోలండ్ సరిహద్దు ఊరు ప్షెమిష్ల్‌లో రైలెక్కగానే మెసేజ్ పెట్టు. స్టేషన్‌కి నేనే వస్తాను. తొమ్మిదింటికి ప్లాట్‌ఫాం మీదుంటే నన్ను పిలవకు, ఒక్క నిమిషం ఆగు.

పెద్దమ్మ