ముప్ఫై వెబ్‌సైట్లు రాసుకున్న స్రవంతికి

చిరంజీవి స్రవంతికి పెద్దనాన్న ఆశీస్సులు.

పదో తరగతికి భౌతికశాస్త్రం ఇకనుంచి తరగతిలో పెట్టిన పెద్ద టచ్ తెర, ఆ ప్యానెల్ మీదే చెబుతావనీ, వారం వారం పరీక్ష కూడా ఫోన్లో పెడతావనీ మీ అమ్మ చెప్పింది. ముప్ఫై వెబ్‌సైట్లు నోటుబుక్కులో రాసుకున్నావట. మన ఇంటి పిల్ల ఇంత ఉత్సాహంగా బళ్ళో అడుగుపెట్టిందని పొంగిపోయాను. ఆ వెంటనే గుండెల్లో రాయి కూడా పడింది. ముప్ఫైలో అయిదో ఆరో ఉంచుకో తల్లీ, మిగతావి కొట్టెయ్. నలభై అయిదు నిమిషాల పీరియడ్‌లో హాజరు పోను నీకు మిగిలేదెంత?

దీక్ష, ప్రభుత్వం వారి పాఠాల యాప్, సంగతి నీకు తెలిసిందే. పాఠ్యపుస్తకంలో క్యూఆర్ కోడ్ మీద సిరా మరక పడి స్కాన్ కాకపోతే, దాని కింద అచ్చు వేసిన ఆరక్షరాల కోడ్ కొట్టు. కావలసింది ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకో.

నీ సబ్జెక్టుకి అసలైన నిధి ఫెట్, ప్రయోగాలు తెర మీద చేసి చూపే (సిమ్యులేషన్) సైటు. అమెరికాలో కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్ళది, నోబెల్ అందుకున్న కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టాడు. సిమ్యులేషన్ నడపడానికి ఖాతా కూడా అక్కర్లేదు, కొన్నిటికి తెలుగు ఉంది. కొత్తవి ఒక్కొక్కటీ ఒకే హెచ్‌టీఎంఎల్ ఫైలుగా దిగుతాయి, పెన్‌డ్రైవ్‌లో వేసుకుంటే నెట్ లేకపోయినా నడుస్తాయి. జావా, ఫ్లాష్‌లతో చేసిన పాతవాటి జోలికి పోకు. మీ ప్యానెల్ ఆండ్రాయిడ్‌దైతే ఆ ఫైలు వేరే ఏదో వ్యూయర్‌లో తెరుచుకుని ఖాళీ తెర చూపించవచ్చు, క్రోమ్‌తో తెరువు. ముందురోజు సాయంత్రమే సరిచూసుకో. అదీ నీ ల్యాప్‌టాప్ మీద కాదు, ఆ ప్యానెల్ మీద.

విద్యుత్ పాఠానికి అందులో డీసీ సర్క్యూట్ కిట్ ఉంది. బ్యాటరీ రెండు కొనలనూ తీగతో నేరుగా కలిపితే మంటలొస్తాయి. పిల్లలు గోల చేస్తారు, చెయ్యనీ. కానీ అక్కడ బ్యాటరీకి అంతర్నిరోధం, అంటే దాని లోపలి నిరోధం, మొదట సున్నాగా పెట్టి ఉంటుంది. ఆ తర్వాత నువ్వు నిజం బ్యాటరీతో, టార్చి బల్బుతో కొలిచి చూపిస్తే లెక్క కుదరదు, నీ ప్రయోగమే తప్పంటారు. అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్ళి ఆ నిరోధం పెంచి చూపించు. ఎలక్ట్రాన్లు కదిలే దిశ, విద్యుత్ ప్రవాహ దిశ మార్చి మార్చి చూపే ఏర్పాటూ ఉంది. పిల్లలు తడబడేది అక్కడే గనక అది వదలకు. తెర మీద చూపించాక తీగా, బల్బూ వాళ్ళ చేతికివ్వు. చేత్తో చెయ్యడానికి చవక ప్రయోగాలు కావాలంటే, పారేసే వస్తువులతో సైన్సు బొమ్మలు చేసే అరవింద్ గుప్తా సైటు ఉంది, అన్నీ ఉచితమే.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని సంగతి గూగుల్ ఫారమ్స్ పరీక్ష. నువ్వే కాదు, కొత్తగా పెట్టే ప్రతి టీచరూ పడే గోతి ఇది. సెట్టింగ్స్‌లో ‘మేక్ దిస్ ఎ క్విజ్’ నొక్కుతారు, ఇరవై ప్రశ్నలకు కీ పెడతారు, లింకు గ్రూపులో పడేసి పడుకుంటారు. తెల్లారి చూస్తే సగం తరగతికి ఇరవైకి ఇరవై. పిల్లలు బాగా చదివారని హెడ్మాస్టరుకు చూపిస్తారు కూడా! జరిగిందేమిటంటే, మార్కులు వెంటనే విడుదలయ్యేలా ఉంది, సరైన జవాబులు కనిపించేలా ఉంది. మొదట రాసినవాడు ‘సబ్మిట్’ కొట్టగానే కీ మొత్తం వాడి ఫోన్లో ప్రత్యక్షం. స్క్రీన్‌షాట్ తీసి స్నేహితులకు పంపడానికి ఎంతసేపు? సైక్లోస్టైల్ రోజుల్లో ప్రశ్నపత్రం తీశాక స్టెన్సిలు కాగితం కాల్చేసేవాళ్ళు, ఎవడైనా ఏరుకుంటాడని. ఇప్పుడు మనమే కీ పంచిపెడుతున్నాం.

మార్కులు ‘లేటర్’ అని పెడితే సరిపోతుంది కదా అంటావు. అలా పెడితే ఈమెయిల్ తప్పనిసరి అవుతుంది. మీ పిల్లల్లో ఎంతమందికి సొంత ఈమెయిల్ ఉంది? అందుకని విడుదల ‘ఇమ్మీడియట్లీ’గానే ఉంచి, దాని కింద ఉన్న ‘మిస్డ్ క్వశ్చన్స్’, ‘కరెక్ట్ ఆన్సర్స్’, ‘పాయింట్ వేల్యూస్’ మూడూ ఆపెయ్. మూడోది ఎందుకంటే, మార్కు కనిపిస్తే తెలివైనవాడు ఒక్కో జవాబే మార్చి మళ్ళీ మళ్ళీ పంపి కీ రాబట్టేస్తాడు. ‘వ్యూ రిజల్ట్స్ సమ్మరీ’ కూడా ఆపి ఉందో లేదో చూసుకో. జవాబులు మర్నాడు బోర్డు మీద చెప్పు.

ఒక్కరికి ఒక్కసారే అని పెట్టబోతావేమో, వద్దు. అది గూగుల్ ఖాతాను బట్టి లెక్కిస్తుంది. అన్నదమ్ముల పిల్లలిద్దరూ ఒకే తరగతిలో ఉండి ఒకే ఫోన్లో రాస్తే రెండోవాడికి తలుపు మూసేస్తుంది, వాడు భయపడి నీకు చెప్పడు. రోల్ నంబరు అడుగు, షీటులో సమయం ఉంటుంది, మొదటిసారి పంపిందే లెక్కలోకి తీసుకో. జవాబుల వరుస తారుమారు చెయ్యమని పెడితే ‘పైవన్నీ’ అనే ఐచ్ఛికం పెట్టకు, అది పైకెక్కి కూర్చుంటుంది. ఒక్క మాటలో రాసే జవాబులు తెలుగులో పెట్టినా చిక్కే. కీలో ‘ఓమ్’ అని ఉంటే ‘ఓం’ రాసిన పిల్లకి సున్నా. రాయదగ్గ రూపాలన్నీ కీలో చేర్చు, లేదంటే ఆ ప్రశ్నలు నువ్వే దిద్దు. ప్రశ్నలు డీటీపీ సెంటర్లో యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో కొట్టించినవైతే ఫారమ్‌లో పేస్టు చెయ్యగానే పిచ్చిగీతలవుతాయి. ఇంగ్లిషు అక్షరాలు కొడితే తెలుగు ఇచ్చే లేఖిని సైటులోనో ఫోన్ కీబోర్డులోనో నేరుగా కొట్టు.

నన్నడిగితే వారం పరీక్షకి ఫోన్లే వద్దు. ప్లికర్స్ అనే యాప్ చూడు. పిల్లలకి ఒక్కొక్కరికీ నంబరున్న కాగితం కార్డు, ఫోన్ నీ ఒక్కదాని చేతిలోనే. ఎ, బి, సి, డి లలో ఏది పైకొచ్చేలా పట్టుకుంటే అదే జవాబు. అక్షరాలు సన్నగా ఉంటాయి కాబట్టి పక్కవాడు చూసి రాయడం కష్టం. నువ్వు ఫోన్ కెమెరాతో తరగతి మీదుగా ఒకసారి తిప్పితే చాలు. నీ మొబైల్ డేటా మాత్రం కావాలి. కార్డులకి మెరిసే లామినేషన్ చేయించకు, ట్యూబులైటు తళుక్కుమని స్కాన్ కాదు. అట్టకి అంటించు. నల్ల భాగం మీద వేళ్ళు పెట్టకుండా పట్టుకోవడం మొదటిరోజే నేర్పు. ఉచిత ఖాతాలో ప్రశ్నలకి పరిమితి ఉంది, పీరియడ్ చివర నాలుగు ప్రశ్నలకి ఇబ్బంది లేదు.

ఇంకొక్కటి, కోప్పడుతున్నానని అనుకోకు. ఏ సైటు తరగతి జాబితా అడిగినా రోల్ నంబర్లే ఇవ్వు. పేర్లు, ఫొటోలు, పుట్టినతేదీలు ఇవ్వకు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పద్దెనిమిదేళ్ళలోపు పిల్లల వివరాలకి తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటోంది. చట్టం సరే, నా భయం వేరు. వాట్సాప్ గ్రూపు పెడితే ఆడపిల్లల ఇళ్ళ నంబర్లు తరగతిలో ప్రతివాడి ఫోన్లోకీ పోతాయి. కమ్యూనిటీ పెట్టి అనౌన్స్‌మెంట్‌లోనే పంపు, అక్కడ ఒకరి నంబరు ఒకరికి కనిపించదు.

మొదటి ఫారమ్ తయారయ్యాక లింకు ముందు నాకు పంపు. పిల్లలకి పంపే లింకు సుమా, నువ్వు దిద్దుతున్న పేజీ చిరునామా కాదు. మీ పెద్దమ్మ ఫోన్లో, రోల్ నంబర్ 99గా, కావాలని తప్పులు రాసి పంపుతాను. నాకు ఏమేం కనిపించాయో ఆ రాత్రే ఫోన్ చేసి చెబుతాను.

ఇట్లు,
మీ పెద్దనాన్న