బయానా ఇచ్చే ముందు దస్తావేజు షెడ్యూలు చదవండి

ప్రశ్న: మా ఆయన 11 ఏళ్ళుగా కువైట్‌లో డ్రైవరుగా పనిచేస్తున్నారు. నేను, ఇద్దరు పిల్లలు ముమ్మిడివరం దగ్గర అత్తగారి ఊళ్ళోనే ఉంటున్నాం. ఆయన పంపిన దాంట్లో 18 లక్షలు దాచాం. బ్యాంకులో ఉంటే ఏం పెరుగుతుంది, స్థలం మీద పెట్టండని అందరూ అంటున్నారు. ఈ వ్యవహారాలు మాకు కొత్త. హైవే దగ్గర చేను మెరక చేసి ప్లాట్లు వేశారు. 200 గజాలు 16 లక్షలట. అప్రూవల్ వచ్చేస్తోంది, వచ్చాక రేటు అందదు, ఇప్పుడైతే సెంట్ల లెక్కన రిజిస్ట్రేషన్ చేయిస్తాం అని మధ్యవర్తి చెబుతున్నాడు. ఆదివారంలోగా 2 లక్షలు నగదుగా బయానా ఇస్తే వంద రూపాయల స్టాంపు కాగితం మీద అగ్రిమెంటు రాస్తారట. మా ఆయన పేరు మీదే కొనాలని అత్తగారి పట్టు. కొనొచ్చా?
— ఒక సోదరి, కోనసీమ

జవాబు: అమ్మా, ముందు ఒక్క మాట. ఆదివారం బయానా ఇవ్వకండి. రేటు సంగతి తర్వాత చూద్దాం. మీ ఉత్తరంలో నన్ను ఆపేసింది ‘సెంట్ల లెక్కన రిజిస్ట్రేషన్’ అన్న మాట.

ఆ లేఅవుట్‌లో ఇప్పటికే ఎవరో ఒకరు కొనే ఉంటారు. వాళ్ళ దస్తావేజు జిరాక్సు అడిగి తెచ్చుకుని, చివర్లో ఉండే షెడ్యూలు నెమ్మదిగా చదవండి. ప్లాటు నంబరు, ఆమోదించిన ప్లాను నంబరు, 200 చదరపు గజాల ఇంటి స్థలం అని ఉంటే ఒక సంగతి. ‘పల్లం భూమి, ఫలానా సర్వే నంబరులో నాలుగు సెంట్ల చిల్లర’ అని ఉంటే పూర్తిగా వేరే సంగతి. సెంటు అంటే 48.4 గజాలు కాబట్టి 200 గజాలు నాలుగు సెంట్ల పైచిలుకే, లెక్క సరిపోతుంది. కానీ మీరు 16 లక్షలు పోసి ఇంటి స్థలం కొన్నామనుకుంటారు, కాగితం మాత్రం వరి చేలో ముక్క కొన్నారని చెబుతుంది. దాని ముందు కనిపించే రోడ్డు అమ్మినవాడి పేరు మీదే మిగిలిపోతుంది. రేపు ఇల్లు కడతామంటే ప్లాను రాదు, లోను అడిగితే బ్యాంకు ఇవ్వదు. పదేళ్ళ తర్వాత అమ్మబోతే కొనేవాళ్ళ లాయరు కూడా ఇవే మాటలు చెబుతాడు. ‘ఎల్‌ఆర్‌ఎస్ (అనుమతి లేని లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం) వస్తుంది, అప్పుడు రెగ్యులరైజ్ అయిపోతుంది’ అంటారు. ప్రభుత్వం అలాంటి పథకాలు అప్పుడప్పుడూ తెచ్చిన మాట నిజమే. వాటిని నమ్ముకుని కష్టార్జితం పెట్టకూడదు.

ఇలాంటి ప్లాటే కొన్న ఒకాయనతో కలిసి నేను స్వయంగా ఆ స్థలానికి వెళ్ళాను. సార్వా ఊడ్పులు అయిపోయిన రోజులు. ఆయన హద్దురాళ్ళు నాలుగింట్లో రెండు మోకాల్లోతు నీళ్ళలో ఉన్నాయి. మెరక చేసేటప్పుడు పంట బోదెను మట్టితో పూడ్చేశారు. పైచేల నీళ్ళు దిగే దారి లేక అక్కడే నిలబడిపోయాయి. పక్క రైతులు ఊరుకుంటారా? అర్జీలు పెట్టారు, సర్వేయరు వచ్చి కొలిచాడు, బోదె మళ్ళీ తవ్వారు. ఆయన ప్లాటులో మూడోవంతు అందులోకి పోయింది. అదీ గల్ఫ్ డబ్బే. ఆయన గట్టు మీద చెప్పులు పట్టుకుని నిలబడి ‘కొన్నప్పుడు ఇక్కడ బోదె లేదండీ’ అనడం నాకింకా గుర్తుంది. కొన్నది వేసవిలో. కాలువలకు నీళ్ళు ఆపేసిన నెలల్లో డెల్టాలో ఏ చేను చూసినా పొడిగా, చదునుగానే కనిపిస్తుంది. అందుకే స్థలాన్ని వానాకాలంలో ఒకసారి చూడాలి, గ్రామ పటం, ఆ సర్వే నంబరు ఎఫ్‌ఎంబీ (కొలతలతో ఉండే సర్వే పటం) తీయించి బోదె, డొంక, మురుగు కోడు ఎక్కడున్నాయో సరిచూసుకోవాలి. రీసర్వే జరిగిన ఊళ్ళలో పాత సర్వే నంబర్ల బదులు ఎల్‌పీ (ల్యాండ్ పార్సెల్) నంబర్లు వచ్చాయి. రెండూ అడగండి, విస్తీర్ణం తేడా వస్తే అప్పుడే తెలుస్తుంది.

ఇక ‘వచ్చేస్తున్న’ అప్రూవల్. 2016 నాటి రెరా (స్థిరాస్తి వ్యాపార నియంత్రణ) చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలో వేసిన ప్లాట్లకు, రెరాలో నమోదు కాకుండా ప్రకటన ఇవ్వకూడదు, బుకింగ్ తీసుకోకూడదు, అమ్మకూడదు. నమోదైన ప్రాజెక్టులోనైనా రిజిస్టర్డ్ అగ్రిమెంటు లేకుండా ధరలో పది శాతానికి మించి తీసుకోకూడదు. మీ దగ్గర అడుగుతున్నది పది శాతం దాటింది, నమోదు సంగతేమో ఎవరూ చెప్పడం లేదు. రెరా నంబరు అడగండి, ఏపీ రెరా వెబ్‌సైటులో మీ పిల్లల చేతే వెతికించండి. ప్లాను ఆమోదించింది డీటీసీపీయా (రాష్ట్ర పట్టణ, గ్రామ ప్రణాళికా శాఖ), పట్టణాభివృద్ధి సంస్థా అన్నది కాగితం మీద చూడండి. అభివృద్ధి పనులకు హామీగా కొన్ని ప్లాట్లు ఆ సంస్థకు తనఖా పెడతారు, మీకు చూపించే ప్లాటు వాటిలో ఉండకూడదు.

అత్తగారి కోరిక గురించి. ఆమె మనసు నాకు అర్థమవుతుంది, కొడుకు చెమట కొడుకు పేరు మీద ఉండాలనుకోవడంలో తప్పేముంది? కానీ విదేశీ మారక ద్రవ్య చట్టం (ఫెమా) ప్రకారం మీ ఆయన లాంటి ఎన్నారైలు ఇక్కడ ఇళ్ళు, ఇంటి స్థలాలు, వాణిజ్య స్థలాలు కొనొచ్చు. వ్యవసాయ భూమి, తోటలు, ఫామ్‌హౌస్ కొనకూడదు. వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. ఆయన ఈ దేశ పౌరుడే కదా అంటే సరిపోదు, ఈ చట్టం చూసేది ఆయన నివాసం ఎక్కడన్నది. సెంట్ల లెక్కన పల్లం భూమి ఆయన పేరున రిజిస్టర్ చేయిస్తే రేపు ఆ మొత్తానికి మూడు రెట్ల దాకా జరిమానా పడే అవకాశం ఉంది. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో రిజిస్ట్రేషన్ అయిపోయింది కాబట్టి సక్రమమే అనుకోవద్దు.

ఆమోదం పొందిన ఇంటి స్థలమైతే ఆయన పేరున కొనొచ్చు. డబ్బు విదేశం నుంచి బ్యాంకు ద్వారా గానీ, ఎన్నారైలకు బ్యాంకులు ఇచ్చే ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ లాంటి ఖాతాల నుంచి గానీ కట్టాలి. ఆయన రాలేకపోతే మీకు ఆ ఒక్క కొనుగోలుకే పరిమితమైన పవరాఫ్ అటార్నీ రాసి అక్కడి మన ఎంబసీలో ధ్రువీకరించి పంపాలి. అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించుకోవాలి. మీ పేరున కొనడం ఇంకా తేలిక. భర్త సంపాదన నుంచి భార్య పేరున కొన్నది బినామీ కాదని చట్టమే చెబుతోంది, ఆ సంపాదన లెక్కల్లో కనిపిస్తే చాలు. డబ్బు బ్యాంకు ద్వారా మీ ఖాతాకు వచ్చినట్టు రికార్డు ఉంచుకోండి.

నగదు బయానా మాట అసలు వద్దు. స్థలం లావాదేవీలో 20 వేలు, ఆపైన నగదుగా తీసుకోవడం ఆదాయపన్ను చట్టం ఒప్పుకోదు. తీసుకున్నవాళ్ళకు అంత మొత్తం జరిమానా ఉంది, అయినా అడుగుతున్నారంటే ఆలోచించండి. ‘ప్రభుత్వ విలువకే రిజిస్ట్రేషన్, మిగతాది చేతికి’ అని కూడా అంటారు. వ్యవహారం చెడి కోర్టుకు వెళితే, కాగితంలో లేని డబ్బు ఇచ్చామని రుజువు చేయడానికి మీ చేతిలో ఏమీ ఉండదు. మళ్ళీ అమ్మేటప్పుడు లాభం ఎక్కువగా కనిపించి పన్నూ మీ మీదే పడుతుంది. ఇక వంద రూపాయల కాగితం. అగ్రిమెంటు వల్ల స్థలం మీద హక్కు పుట్టదు. పైగా మన రాష్ట్రంలో అమ్మకపు అగ్రిమెంటును కూడా రిజిస్టర్ చేయించాలి. రిజిస్టర్ కానిది పట్టుకుని దావా వేయొచ్చు, దానికీ మూడేళ్ళే గడువు, ఆ తిప్పలు ఎందుకు? జీపీఏ (జనరల్ పవరాఫ్ అటార్నీ) మీద అమ్ముతామంటే వెనక్కి వచ్చేయండి. జీపీఏతో యాజమాన్యం బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చింది.

మంచి స్థలం దొరికాక కూడా అసలు పని లింకు డాక్యుమెంట్లలోనే, అంటే ఆ స్థలం చేతులు మారిన పాత దస్తావేజుల్లోనే ఉంటుంది. 30 ఏళ్ళ ఈసీ (ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ల, తనఖాల వివరాల పత్రం) తీయించండి. ఈసీలో రిజిస్టరైనవే కనిపిస్తాయి. రిజిస్టర్ కాని వీలునామా, ఇంట్లో చేసుకున్న పంపకం కనిపించవు. అందుకే అమ్మేవాళ్ళ కుటుంబాన్ని చదవాలి. ముగ్గురు అన్నదమ్ములు వచ్చి సంతకాలు పెడతామంటారు. అక్కచెల్లెళ్ళ మాటెత్తితే ‘పసుపుకుంకుమల కింద ఇవ్వాల్సింది ఇచ్చేశాం’ అంటారు. చట్టానికి ఆ మాట పట్టదు. తండ్రి స్వార్జితం అయి వీలునామా లేకపోతే 1956 నుంచీ కూతురికి వాటా ఉంది. పిత్రార్జితంలో 2005 సవరణతో కొడుకుతో సమాన హక్కు వచ్చింది, తండ్రి అప్పటికి బతికి ఉండాల్సిన పని కూడా లేదని 2020లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఆడపడుచుల సంతకం లేక పదేళ్ళ తర్వాత పార్టిషన్ దావాలో ఇరుక్కున్న కొనుగోలుదారులను నేను చాలామందిని చూశాను. ఆ అక్క హైదరాబాదులో ఉన్నా సరే, దస్తావేజులో చేరాల్సిందే. పాస్‌బుక్, 1బీ, అడంగల్ లాంటి రెవెన్యూ రికార్డులు చూడండి గానీ అవి ఉంటే యజమాని అయిపోయినట్టు కాదు. చేను ఎవరు దున్నుతున్నారో పక్క రైతుల్ని అడగండి. మన వైపు కౌలుదారు లేని చేను తక్కువ, అతను ఖాళీ చేసినట్టు రాతపూర్వకంగా ఉండాలి.

రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల 22ఏ జాబితాలో ఆ సర్వే నంబరు ఉందేమో సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో తప్పక చూడాలి. అసైన్డ్, దేవాదాయ, వక్ఫ్, ప్రభుత్వ భూములు అందులో ఉంటాయి. గోదావరి లంకల్లో ‘చవకగా’ దొరికే భూముల జోలికి కొత్తవాళ్ళు వెళ్ళొద్దు, పట్టా ఉన్నా ఒక్క వరదకు గట్టు కోసుకుపోవచ్చు. కోనసీమలో ఇంకొకటి ఉంది, గ్యాసు పైపులైను. 2014 జూన్‌లో నగరం గ్రామంలో జరిగిన పైపులైను పేలుడు మనకెవరికీ మరుపు రాదు. 1962 నాటి చట్టం కింద పైపు వెళ్ళే పట్టీ మీద కట్టడం కట్టకూడదు, బావి తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. ఇది ఈసీలో కనిపించకపోవచ్చు. చేలో గుర్తు రాళ్ళు, బోర్డులు ఉన్నాయేమో మీ కళ్ళతో చూడండి.

డబ్బు విషయానికొస్తే, ఉన్న 18 లక్షలూ స్థలానికి పెట్టకండి. స్టాంపు, రిజిస్ట్రేషన్ ఖర్చులే ఏడున్నర శాతం. 16 లక్షలకు అది లక్షా 20 వేలు. సర్వే, లాయరు, కంచె కలిపితే మీ చేతిలో ఏమీ మిగలదు. స్థలం అవసరానికి వెంటనే అమ్ముడుపోయే సరుకు కాదు. కువైట్ ఉద్యోగానికి ఏదైనా అయితే ఆరు నెలలు ఇల్లు గడిచే డబ్బు బ్యాంకులోనే ఉండనివ్వండి. 12 లక్షల్లో చిన్నదైనా ఆమోదం ఉన్న ప్లాటు చూడండి. రెండేళ్ళు దాటాక అమ్మితే లాభం మీద పన్ను 12.5 శాతం, అంతకు ముందే అమ్మితే మీ మామూలు ఆదాయంలో కలుస్తుంది. కొనే ముందు ఏదైనా జాతీయ బ్యాంకుకు వెళ్ళి ఈ కాగితాల మీద లోను ఇస్తారా అని అడగండి. మీకు లోను అక్కర్లేకపోయినా అడగండి. వాళ్ళ లాయరు కాదంటే ఎందుకు కాదన్నాడో కనుక్కోండి.

మధ్యవర్తికి మర్యాదగానే చెప్పండి: ‘రెరా నంబరు, ఆమోదించిన ప్లాను, 30 ఏళ్ళ లింకు డాక్యుమెంట్ల నకళ్ళు ఇవ్వండి. మా లాయరు చూశాక చెక్కు ఇస్తాం.’ వారం రోజుల్లో ఇస్తే వాటిని పట్టుకుని అమలాపురంలో భూ వ్యవహారాలు చూసే లాయరు ఎవరి దగ్గరికైనా వెళ్ళండి. ఇవ్వకపోతే ఇంకో స్థలం వెతుక్కోండి.