ట్రాన్స్‌ఫార్మర్ పగలగొట్టి రాగి ఎత్తుకెళ్తే ఊరికి పోయేదెంత?

మీ పొలాల దగ్గర వరసగా ట్రాన్స్‌ఫార్మర్లు పగలగొడుతున్నారని, "పోయింది కొన్ని కిలోల రాగే కదా" అని ఊళ్లో తేలిగ్గా తీసుకుంటున్నారని, ఏం చేయాలని అడిగారు. దయచేసి తేలిగ్గా తీసుకోకండి. నల్గొండ వైపు మా ఊళ్లో మూడేళ్ల కిందట యాసంగిలో ఇదే జరిగింది.

ఆ పొద్దున మోటారు నడవడం లేదని వెళ్లి చూస్తే ట్రాన్స్‌ఫార్మర్ గద్దె మీది నుంచి బోర్లా పడి ఉంది. మూత బోల్టులు పానాతో విప్పి పక్కన కుప్పగా పెట్టారు. లోపలి రాగి మొత్తం లాక్కుని ఇనుప రేకులు గట్టు మీద పారేశారు. ఆయిల్ పక్క మడిలోకి కారి నీళ్ల మీద తెట్టులా మెరుస్తోంది.

దాని కింద పన్నెండు బోర్లు. వరి పొట్ట దశలో ఉంది, అప్పుడు మడి ఎండితే మిగిలేది తాలే. కొత్తది బిగించేసరికి తొమ్మిది రోజులు పట్టింది. జనరేటర్ కిరాయికి తెచ్చి వంతులేసుకున్నా చివరి మడులకు నీళ్లు అందలేదు. అక్కడ కౌలుకు చేసే పెద్దమ్మ "ఇంకో పది రోజులైతే ఈనేది బిడ్డా" అంటూ గట్టు మీదే కూలబడింది. కేసులో రాసింది రాగి, ఆయిల్ విలువే. ఆమె కట్టిన కౌలు, ఎరువుల అప్పు ఏ కాగితంలోనూ లేవు. అందుకే ఈ దొంగతనం చిన్నదిగా కనిపిస్తుంది.

ముందు కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేయండి. లైన్‌మేన్ వచ్చేదాకా దాన్ని ఎవరూ ముట్టుకోవద్దు, పై లైన్‌లో కరెంటు ఉండొచ్చు. అదే రోజు ఫిర్యాదు ఇచ్చి ఎఫ్‌ఐఆర్ కాపీ తీసుకోండి, దానికి డబ్బులు కట్టక్కర్లేదు. విద్యుత్ చట్టం 2003లో సెక్షన్ 136 ఇలాంటి దొంగతనాలకే ఉంది, మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. దొంగసొత్తని తెలిసి కొన్నవాళ్లకు సెక్షన్ 137 ఉంది. పాత ఇనుప సామాన్ల దుకాణాలు చూడమని ఫిర్యాదులోనే రాయండి. కొనేవాడు లేకుంటే ఆ రాగితో దొంగకు పనే లేదు.

ఇంకోటి. పొలాలకు రాత్రిపూట కరెంటిచ్చే రోజుల్లో మోటారు వేయడానికి ఎవరో ఒకరు టార్చిలైటుతో పొలంలో తిరిగేవాళ్లు. 2018 జనవరి నుంచి తెలంగాణలో పొలాలకు 24 గంటల కరెంటు వచ్చింది, కరెంటు రాగానే మోటారు దానంతటదే నడిచేలా ఆటో స్టార్టర్లు పెట్టుకున్నాం, రైతుకు ఎంతో మేలైంది. కానీ రాత్రిళ్లు పొలం ఖాళీ అయింది. మేమిప్పుడు పంట చేతికొచ్చేదాకా ఇద్దరిద్దరం వంతుల మీద తిరుగుతున్నాం. ఎవరైనా కనబడితే ఎదురెళ్లకండి, దూరం నుంచే 112కు చేయండి.

ఒక్క తప్పు మాత్రం మీరు చేయొద్దు. రాగి పని తెలిసినవాడని మావాళ్లు మొదట మా ఊరి మోటారు మెకానిక్ పిల్లాడినే అనుమానించారు. వాళ్లమ్మ ముందే నిలబెట్టి అడిగారు, నేనూ అక్కడే ఉండి నోరు మెదపలేదు. రెండు నెలలకు అసలు దొంగలు దొరికారు, బయటి ముఠా. అప్పటికే ఆ అబ్బాయి మకాం మార్చేశాడు. ఇప్పుడు మోటారు కాలితే ట్రాలీ ఆటోలో వేసుకుని పన్నెండు కిలోమీటర్లు అతని దగ్గరికే పోతున్నాం. పని చేసిస్తాడు, మాట్లాడడు.